మ్యూజియం విద్య, సామాజిక కళా కార్యక్రమాలు: ఈ పనిలోకి రావాలనుకుంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. చరిత్రలో ఎం.ఏ. చేశారు, హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెబుతున్నారు. మ్యూజియంలో విద్యా కార్యక్రమాలు, బస్తీలతోనూ ఊళ్ళతోనూ కలిసి చేసే కళా కార్యక్రమాలు మీకు ఇష్టం. అందులో బతుకుతెరువు ఉందా, మ్యూజియాలజీ డిగ్రీ తప్పనిసరా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఏమని చెప్పాలి అని అడిగారు. చాలా ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

బతుకుతెరువు ఉంది. కానీ దానికి ఒక పేరు, ఒక నోటిఫికేషన్, ఒక పే స్కేలు ఉంటాయని ఎదురుచూస్తూ కూర్చుంటే దొరకదు. ప్రభుత్వ మ్యూజియాల్లో గైడ్ లెక్చరర్, ఎడ్యుకేషన్ ఆఫీసర్ వంటి పోస్టులు ఉన్నాయి గానీ చాలా తక్కువ. ఖాళీ అయినవి వెంటనే నిండవు. మిగిలిన పనంతా ట్రస్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రైవేటు మ్యూజియాల్లో, గ్రాంట్ల మీదా కాంట్రాక్టుల మీదా నడుస్తుంది. ఒకచోట ప్రోగ్రాం కోఆర్డినేటర్ అంటారు, మరోచోట అవుట్‌రీచ్ అంటారు, ఇంకోచోట ఏ పేరూ ఉండదు.

పేరు సంగతి అలా ఉంచి పని సంగతి చూద్దాం. మన దగ్గర మ్యూజియం విద్య అనగానే గుర్తుకొచ్చేది మే 18, అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం. చిత్రలేఖనం పోటీ, వ్యాసరచన పోటీ, ముఖ్య అతిథి, శాలువా, ప్రోత్సాహక బహుమతులు. అది కాకపోతే విహారయాత్ర: పిల్లలు రెండు వరుసల్లో చేతులు పట్టుకుని గంటలో గదులన్నీ చుట్టేసి, సాలార్‌జంగ్‌లో అయితే గంటల గడియారం ముందు ఆగి, లోపలి నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట కొట్టగానే చప్పట్లు కొట్టి బస్సెక్కుతారు. దీన్ని నేను తీసిపారేయను. ఆ గడియారం ముందు గుమిగూడే జనాన్ని ఒక రోజు తీరిగ్గా గమనించండి. పల్లె నుంచి వచ్చిన ముసలాయన, పిల్లను చంకనెత్తుకున్న తల్లి, కాలేజీ కుర్రాళ్ళు అందరూ ఒకే దిక్కు చూస్తూ ఓపికగా నిలబడే చోటు అంత పెద్ద భవనంలో మరొకటి నాకు కనిపించలేదు. అక్కడ ఏదో జరగబోతోందని వాళ్ళకు తెలుసు. మిగతా గదుల్లో ఏమీ జరగదు. ఆ గదుల్లో కూడా ఏదైనా జరిగేలా చూడటం మీ పనిలో సగం.

మిగిలిన సగమే కష్టం. అక్కడ జరిగేదాంట్లో ఎవరి మాట చెల్లాలన్నది అసలు పేచీ.

అంతర్జాతీయ మ్యూజియంల మండలి 2022లో ప్రాగ్ నగరంలో మ్యూజియానికి కొత్త నిర్వచనం ఆమోదించింది. లాభాపేక్ష లేని శాశ్వత సంస్థ, సమాజ సేవ అన్న మాటలు పాతవే. సముదాయాల భాగస్వామ్యంతో పనిచేయాలన్నది కొత్తగా చేరింది. కాగితం మీదికి అది 2022లో వచ్చిందిగానీ, పని అంతకు చాలా ముందే మొదలైంది. వాషింగ్టన్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే అనకోస్టియా పేటలో, మూతపడిన ఒక సినిమా హాలును తీసుకుని 1967లో స్మిత్సోనియన్ సంస్థ చిన్న మ్యూజియం తెరిచింది. దాన్ని నడపడానికి ఆ ఊరివాడే అయిన జాన్ కినార్డ్ అనే పాస్టర్‌ను పెట్టారు. 1969లో అక్కడ ఎలుకల మీద ప్రదర్శన జరిగింది, బతికున్న ఎలుకలతో సహా. ఆ పేట ఇళ్ళలో ఎలుకల బెడద అంత తీవ్రంగా ఉండేది. కళాఖండాలు చూపించి జనాన్ని ఉద్ధరిద్దామనుకునే మ్యూజియం ఆ పని చేయదు. జనం బాధ ఏమిటో అడిగి తెలుసుకున్నదే చేస్తుంది.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో రెండు వస్తువుల ద్వారా చెబుతాను.

మొదటిది తేలియా రుమాలు. చేనేత గ్యాలరీ ఉన్న ఒక మ్యూజియంలో పనిచేస్తున్నప్పుడు పుట్టపాక నుంచి కొందరు నేతవాళ్ళను పిలిపించాం. అద్దాల పెట్టెలో ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళ రుమాలు పరిచి ఉంది. లేబుల్ మీద డబుల్ ఇకత్ (పడుగు, పేక రెండింటినీ ముందే ముడులు కట్టి అద్ది నేసేది), నూలు, 20వ శతాబ్దం అన్న మూడు ముక్కలే. వచ్చినవాళ్ళలో పెద్దాయన అద్దానికి ముక్కు ఆనించబోయాడు. కాపలా మనిషి వారించాడు. "వాసన లేకుండా తేలియా ఎలా అవుతుంది సార్?" అన్నాడాయన, కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్ళలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడితే గాని ఆ ఎరుపు పట్టదు. పేరులో ఉన్న నూనె అదే. ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతైన బట్ట ఇది. ఎండలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని దానికి పేరు. ఇదంతా ఆయన నిలబడ్డచోటే చెప్పాడు. గ్యాలరీలో ఉన్న మిగతా సందర్శకులు మా చుట్టూ చేరారు.

తర్వాత మేము చేసింది చిన్న పనే. నూనె పట్టించిన నూలు చిలపలు కొన్ని, పక్కనే మామూలు నూలు, ఒక గిన్నెలో బూడిద పెట్టి, ముట్టుకోండి, వాసన చూడండి అని రాసిపెట్టాలనుకున్నాం. బట్టల సంరక్షణ చూసే విభాగం ఒప్పుకోలేదు. గ్యాలరీలో నూనె ఉంటే పురుగు చేరుతుంది, జనం అవే చేతులతో పెట్టెలను ముట్టుకుంటారు అన్నారు. వాళ్ళన్నదీ సబబే, వందేళ్ళ బట్టను కాపాడే బాధ్యత వాళ్ళది. బేరసారాలయ్యాక బయటి వరండాలో ఒక బల్ల, పక్కనే చేతులు కడుక్కునే తొట్టి, లోపల కొత్త లేబుల్ దక్కాయి. ఆ లేబుల్‌లో పుట్టపాక పేరు, నూలు తయారీ వివరం, ఇకత్‌కు నేతవాళ్ళు వాడే చిటికి అన్న మాట తెలుగులో చేరాయి. ఆ లేబుల్ కోసం తిరిగిన ఫైలు బల్ల కోసం తిరిగిన ఫైలుకంటే లావైంది. ఈ ఉద్యోగంలో మీ కాలం ఎక్కడ ఖర్చవుతుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

రెండోది చేర్యాల పటం. ఇది ఇంకా చిక్కుముడి, అందుకే ఇంకా మంచి పాఠం. ఇప్పుడు చేర్యాల అంటే మాస్కులు, కీ చైన్లు, గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు. అసలు పటం మూడడుగుల వెడల్పుతో, ముప్పై నలభై అడుగుల పొడవున ఉండే బట్ట. చింతగింజల అంబలి, సుద్ద, బంక పట్టించి, ఎర్రటి నేల మీద నకాషీలు కథంతా అరలు అరలుగా గీస్తారు. గీసేది నకాషీలు, గీయించుకునేది కథ చెప్పేవాళ్ళు, వినేది మూడో కులం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివారు. చాకలివారికి మడేలు పురాణం చెప్పేది పటంవారు. ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగలవారు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివారు. ఏ కులం కథ ఆ కులానిదే, ఆ కథ చెప్పి కట్నం అడిగే హక్కు ఫలానావారిదే. బొమ్మలో ఎంత రంగు ఉందో, దాని వెనక లెక్క అంత కచ్చితంగా ఉంటుంది.

మ్యూజియంలో ఆ పటం గోడకు నిలువుగా వేలాడుతుంది, లేదా చోటు చాలక సగం చుట్టి ఉంటుంది. లేబుల్ మీద దక్కన్ పటచిత్రం, 19వ శతాబ్దం అని ఉంటుంది. ఎవరు పాడారు, ఎవరి ఇంటి ముందు విప్పారు అన్నది ఉండదు. కులం పేరు రాయాలంటే ఆఫీసులో అందరికీ ఇబ్బంది. ఒక డక్కలి బృందాన్ని పిలిచి పాడించండి అని మీరు ప్రతిపాదిస్తే, సాయంత్రం సాంస్కృతిక కార్యక్రమంగా పెడదాం, పదిహేను నిమిషాలు చాలు అంటారు. రాత్రంతా నడిచే కథను పదిహేను నిమిషాలకు కత్తిరించమని ఆ కళాకారుడికి చెప్పాల్సింది మీరే.

అసలు ప్రశ్న అది కూడా కాదు. డక్కలివారి కథకు దాతలు మాదిగలు. వాళ్ళు లేని ఏసీ హాల్లో ఆ కథ ఎవరికి చెబుతున్నట్టు? అందుకని ముందుగా వాళ్ళ పెద్దలతో, చదువుకున్న పిల్లలతో కూర్చుని మాట్లాడాలి. అక్కడ ఒకే జవాబు రాదు. ఇది మా పుట్టుక కథ, మా తాతలు భూమికంటే ముందున్నారని చెప్పే కథ, నగరం నడిబొడ్డున వినిపించాల్సిందే అంటారు కొందరు. అడుక్కునే కళను మా పేరున మళ్ళీ వేదికెక్కించవద్దు అంటారు మరికొందరు. ఈ తగువు తీర్చే అధికారం మీకు లేదు, మ్యూజియానికి అసలే లేదు. మీరు చేయగలిగింది, ఆ ఇద్దరి మాటా పటం ఉన్న గదిలోనే వినబడేలా చూడటం, ఇద్దరినీ కళాకారుడితో సమానంగా అతిథులుగా పిలవడం, రుసుము ఇవ్వడం. ఇలాంటి సమావేశం ఒకటి జరిగిన చోట నేనున్నాను. వేదిక మీది ఉపన్యాసాలు ఎవరికీ గుర్తులేవు. కథ ఆగినచోట ఒక కుర్రాడు లేచి డక్కలి పెద్దాయనను నిలదీయడం, ఆయన తడుముకోకుండా పద్యంలోనే జవాబు చెప్పడం మాత్రం అందరూ ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో చిక్కు. చిరిగి పాతబడిన పటాన్ని పూజ చేసి నీళ్ళలో కలిపే ఆనవాయితీ ఉంది. మ్యూజియానికి అది గుండె ఆగినంత పని. పటం ఉన్నవాళ్ళ దృష్టిలో దాని ఆయుష్షు తీరింది, మర్యాదగా సాగనంపాలి. కొనుగోలు కమిటీలో కూర్చున్నప్పుడు ఈ రెండో మాట చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ కుర్చీలో మీరు ఉంటే చెప్పండి.

నాగార్జునకొండ సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. సాగర్ నీళ్ళు వచ్చేలోపు తవ్వి తీసిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాలకు కొండమీద మ్యూజియం కట్టాం, కట్టడాలు కొన్నింటిని అనుపు దాకా తరలించి నిలబెట్టాం. అదే లోయలోని ఊళ్ళు కూడా ఆ నీళ్ళలోనే మునిగాయి. లాంచీలో కొండకు వెళ్ళే బడిపిల్లలకు ఆ ఊళ్ళ మనుషులు, వాళ్ళ పిల్లలు కథ చెబితే ఎలా ఉంటుంది? ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేని పని ఇది. లాంచీ రేవు దగ్గర చెట్టు నీడ చాలు.

పిల్లలతో పని గురించి ఒక మాట. టీచరుగా మీకున్న బలం తరగతిని పట్టుకోవడం; వదులుకోవాల్సింది, వాళ్ళు చూడకముందే చెప్పేయడం. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ అనే ఇద్దరు న్యూయార్క్ మ్యూజియం అనుభవంతో తయారుచేసిన పద్ధతిలో మూడే ప్రశ్నలు ఉంటాయి: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది, ఏది చూసి అలా అంటున్నావు, ఇంకా ఏమి కనిపిస్తోంది. వినడానికి ఏమీ లేనట్టుంటుంది. ఒక అమరావతి ఫలకం ముందు అరగంట ప్రయత్నించి చూడండి. తారీఖు, రాజవంశం చెప్పాలని నాలుక కొట్టుకుంటుంది, ఓర్చుకోండి. ఆ తర్వాత చెబితే పిల్లలు వింటారు, ఎందుకంటే అప్పటికి వాళ్ళకు తెలుసుకోవాలని ఉంటుంది. చూపు లేనివాళ్ళతో పనిచేయాలనుకుంటే ఢిల్లీ నేషనల్ మ్యూజియం 2015లో తెరిచిన అనుభవ్ అనే స్పర్శ గ్యాలరీని తప్పక చూడండి.

ఇక డబ్బు, కాగితాలు. దీన్ని ఎవరూ కోర్సులో చెప్పరు గనుక నేను చెబుతాను. ఊరి నుంచి ఐదుగురిని పిలిచారనుకోండి. వాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ ముందే చేతికి ఇవ్వాలి. బిల్లు పెట్టండి తర్వాత ఇస్తాం అంటే రారు, రాకూడదు కూడా. అకౌంట్స్ విభాగం పాన్ కార్డు, పాస్‌బుక్ నకలు, కొటేషన్ అడుగుతుంది. బుర్రకథకు మూడు కొటేషన్లు ఎక్కడ తేవాలో నాకు ఇప్పటికీ తెలియదు. భోజనం అందరితో కలిసి పెట్టాలి, కళాకారులకు వెనక గదిలో పొట్లాలు ఇచ్చే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. ఫోటోలు తీసేముందు అడగాలి, ఆ ఫోటో ఎక్కడ వాడతారో చెప్పాలి. గేటు దగ్గర కాపలా వాళ్ళకు ముందురోజే పేర్లు ఇవ్వాలి. లేకపోతే మీ ముఖ్య అతిథులు సంచులు తెరిచి చూపించాల్సి వస్తుంది, ఆ అవమానం తర్వాత మీరు ఎంత మంచి కార్యక్రమం చేసినా తుడిచిపెట్టుకుపోదు. క్యూరేటర్‌తో, సంరక్షకులతో, అకౌంటెంట్‌తో, ఎలక్ట్రీషియన్‌తో సఖ్యంగా ఉండగలిగితే ఈ పని నడుస్తుంది.

చదువు విషయం. మ్యూజియాలజీ డిగ్రీ ప్రభుత్వ పోస్టులకు అడుగుతారు కాబట్టి అటు వెళ్ళాలంటే చేయండి. బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఆ విభాగం 1952 నుంచి ఉంది. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్‌గా ఉన్నది ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. ఊళ్ళతో, కళాకారులతో పనిచేయాలన్నదే మీ కోరికైతే మాత్రం, వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కళలు, కమ్యూనికేషన్ చెప్పే సరోజినీ నాయుడు స్కూల్ కూడా ఉంది. మీ ఎం.ఏ. మీకు ఉంది, రెండేళ్ళు మరో డిగ్రీకి పెట్టేముందు ఒక కార్యక్రమం చేసి చూడండి.

ఉద్యోగాలు వెతికేటప్పుడు సంస్థ పేరుకంటే దాని పని తీరు చూడండి. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ 2015 నుంచి బస్సులో మ్యూజియం నడుపుతోంది. ఊళ్ళకూ బడులకూ వస్తువులే వెళతాయి. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కర్ణాటక ప్రభుత్వ బడుల టీచర్లతో కలి-కలిసు అనే కార్యక్రమం నడిపింది. టీచరుగా మీకు అది దగ్గరి చుట్టం. అహ్మదాబాద్‌లో 2013లో మొదలైన కాన్‌ఫ్లిక్టోరియం అనే మ్యూజియం సంఘర్షణనే విషయంగా పెట్టుకుంది. భోపాల్‌లో 2014లో తెరిచిన రిమెంబర్ భోపాల్ మ్యూజియం గ్యాస్ బాధితుల వస్తువులు, గొంతులతో కట్టింది. అది ప్రభుత్వం దగ్గర గానీ కంపెనీల దగ్గర గానీ డబ్బు తీసుకోదని నిర్ణయించుకుంది. ఈ చివరిది ఒకసారి చూడకుండా ఈ రంగంలోకి రావద్దు. ఎవరి డబ్బుతో ఎవరి కథ చెబుతున్నామన్న ప్రశ్న అక్కడ గోడల్లోనే ఉంది.

కంపెనీల డబ్బు మాట వచ్చింది గనుక: 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, ఆ జాబితాలో వారసత్వ సంపద, సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి నిధులు వస్తాయి. ఏడాదికోసారి వస్తాయి, బ్యానర్ మీద లోగోతో వస్తాయి, ఎంతమంది హాజరయ్యారన్న అంకెతో వెళతాయి. నలుగురితో నాలుగు నెలలు చేసిన పని ఆ అంకెల్లో కనబడదు. అందుకని మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి: ఎవరు ఏమన్నారు, దానివల్ల లేబుల్‌లో, గదిలో, సమయాల్లో ఏమి మారింది అని. రెండో ఏడాది నిధులు అడిగేటప్పుడు చూపించడానికి మీ దగ్గర ఉండేది అదొక్కటే.

విదేశాల్లో ఈ పని స్థిరంగా ఉంటుందన్న భ్రమ ఉంటే వదిలేయండి. న్యూయార్క్ క్వీన్స్ మ్యూజియం వలసవచ్చినవారి పేటలో పనిచేయడానికి కమ్యూనిటీ ఆర్గనైజర్లను ఉద్యోగంలోకి తీసుకుని మంచి దారి చూపించింది. అదే నగరంలో మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) వంటి సంపన్న మ్యూజియం 2020లో కరోనా రాగానే కాంట్రాక్టు మీదున్న విద్యా బోధకుల ఒప్పందాలు రద్దు చేసింది. కష్టం వస్తే మొదట తెగేది మన విభాగమే, ఇక్కడైనా అక్కడైనా.

కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి. మీ బడి ఉన్న బస్తీనే తీసుకోండి. అక్కడ ఏ పనులవాళ్ళు ఉన్నారు, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, వాళ్ళ ఇళ్ళలో పాతకాలపు వస్తువు ఏముంది అని పిల్లలతోనే సేకరించండి. తర్వాత ఆ తల్లిదండ్రుల్లో కొందరిని ఒక ఆదివారం మ్యూజియానికి తీసుకెళ్ళండి, గైడు లేకుండా. వాళ్ళు ఎక్కడ ఆగారో, దేన్ని చూసి నవ్వారో, దేనిముందు గొంతు తగ్గించారో చూడండి. మీ మొదటి ప్రతిపాదన అందులోంచే పుడుతుంది. దాన్ని రెండు పేజీల్లో తెలుగులో రాసి, ఖర్చు పట్టికతో సహా మ్యూజియం వాళ్ళకు ఇవ్వండి. మొదటివాళ్ళు జవాబివ్వకపోవచ్చు. మాసబ్ ట్యాంక్‌లోని గిరిజన మ్యూజియం వంటి చిన్నచోట్లకు వెళ్ళి అడగండి, పెద్ద భవనాలకంటే అక్కడ తలుపు తొందరగా తెరుచుకుంటుందని నా అనుభవం.

ఇంట్లో ఏమని చెప్పాలంటారా? ప్రభుత్వ ఉద్యోగం కాదని, మొదటి రెండు మూడేళ్ళు బడి జీతం కంటే ఎక్కువ రాదని, కాంట్రాక్టుకూ కాంట్రాక్టుకూ మధ్య ఖాళీ నెలలు ఉంటాయని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఖాళీ నెలలకు సరిపడా డబ్బు, సొంతంగా ఆరోగ్య బీమా సమకూర్చుకున్నాకే బడికి రాజీనామా ఇస్తానని కూడా చెప్పండి, అలాగే చేయండి. మీ బస్తీ ఏదో, అక్కడ ఎవరున్నారో రాస్తే ఖర్చు పట్టిక ఎలా వేయాలో, ఏ పద్దు ఎక్కడ చూపాలో తర్వాత చెబుతాను.